పడక సీనులో కృష్ణుడి మనసు

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ మా చుట్టుపక్కల ఎక్కడ ఆడినా పడక సీను వేళకు ముందు వరసలో ఉంటాను. మంచం మీద దొంగనిద్రలో కృష్ణుడు, తలవైపు ఆసనం మీద దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు, ఇద్దరూ రాబోయే యుద్ధానికి సాయం కోరి వచ్చినవాళ్ళే. చాలామంది కృష్ణులు ఇక్కడే ఒక కన్ను తెరిచి, జనంలోకి చూసి చిలిపిగా నవ్వుతారు. ఈలలు పడతాయి. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. మనసులో మాట అప్పుడే బయటపెట్టేసుకుంటే ఇక సీనంతా ఏం దాచుకుని ఆడతాడు?

నిద్ర నటించడం ఇందులో చిన్న పని. అసలు పని లేచాక వచ్చే కుశలప్రశ్నల పద్యాల్లో ఉంది. అర్జునుణ్ణి అన్నదమ్ముల క్షేమం అడుగుతూ, భీముడు అన్నగారి మాటకు కట్టుబడి శాంతంగా ఉంటున్నాడా అంటాడు. పైకి బావమరిది ఆప్యాయత. లోపల, ఆ ఇంట్లో కోపం ఎందాకా వచ్చిందో అన్న ఆరా. దుర్యోధనుడి దగ్గర కర్ణుణ్ణీ, సామంతరాజులనూ, భీష్ముణ్ణీ, ద్రోణుణ్ణీ పేరుపేరునా అడుగుతాడు. రేపు కౌరవసేనను నడపబోయే వాళ్ళలో ముగ్గురు ఆ పద్యంలోనే ఉన్నారు. చుట్టరికం మాటల మధ్యే అవతలి బలగం లెక్క తీసేస్తున్నాడన్నమాట.

ఈలపాట రఘురామయ్య లాంటి మహానుభావుల గొంతులో పండిన పద్యాలు కావడంతో, ఇప్పటి నటులు రాగం మీదే పడి వన్స్‌మోర్ కోసం పాడతారు. పాడనివ్వండి, పద్యం చెవికి ఇంపుగా ఉండాల్సిందే. కానీ ఒక ఊళ్ళో ఓ పెద్దాయన ఆడగా చూశాను. రాగం తగ్గించి, కర్ణుడి పేరు దగ్గర రవ్వంత ఆగాడు. దుర్యోధనుడి ముఖంలోకి చూశాడు. అతను గర్వంగా తల ఎగరేయగానే, తృప్తిగా తర్వాతి పేరు అందుకున్నాడు. హార్మోనియం మనిషి కూడా ఆ క్షణం బెల్లోస్ మీద చెయ్యి ఆపాడు.

ఇంత దాపరికం ఎందుకు? అర్జునుడి పక్షాన ఉంటానని నేరుగా చెప్పేయవచ్చుగా? చెప్పలేడు. అర్జునుడు మేనత్త కొడుకు, చెల్లెలు సుభద్ర మొగుడు. దుర్యోధనుడు వియ్యంకుడు, అతని కూతురు లక్షణ, కృష్ణుడి కొడుకు సాంబుడి భార్య. పైగా అన్న బలరాముడికి గదలో శిష్యుడు. యాదవుల్లో సాత్యకి పాండవుల వైపు, కృతవర్మ కౌరవుల వైపు. నోరు జారితే ద్వారకే రెండుగా చీలుతుంది. నటుడు మనసులో మోయాల్సింది ఈ బరువు. చిలిపితనం ఒక్కటే పట్టుకుంటే ఇదంతా చేజారిపోతుంది.

అందుకే బేరం అంత నిక్కచ్చిగా పెడతాడు. ఒకవైపు నారాయణులనే గోపాల సైన్యం, మరోవైపు ఆయుధం పట్టని తాను. చిన్నవాడు ముందు కోరుకోవాలంటాడు. ఎవరూ తప్పుపట్టలేని న్యాయం అది. ఎవరి కన్ను దేనిమీద పడుతుందో తెలిసినవాడే అలాంటి న్యాయం చెప్పగలడు. అర్జునుడు కృష్ణుణ్ణే కోరుకుంటాడు, దుర్యోధనుడు సైన్యం దక్కిందని పొంగిపోతాడు. ఆ పొంగు నిజమైనది కాబట్టే ఎత్తు పారింది. మోసపోయినవాడికి మోసపోయానన్న అనుమానమే లేదు.

కాబట్టి కృష్ణ వేషధారులకు నా విన్నపం ఒకటే. దుర్యోధనుడు లోపలికి వెళ్ళేదాకా ముఖంలో గెలుపు కనబడనీయకండి, అర్జునుడి వైపు కనుసైగ చెయ్యకండి. వియ్యంకుణ్ణి మర్యాదగా గుమ్మందాకా సాగనంపండి. అతను ఇక్కణ్ణుంచి నేరుగా వెళ్ళేది బలరాముడి దగ్గరికే.