లోపలి జేబు

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊళ్లవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పుకుని పీల్చడమే అడ్డపొగ. చిన్నప్పుడు నాకదో గారడీ. నోరు కాలదా అని అడిగితే, "నిప్పు నోట్లోన ఉంటే గాలి ఏటి సేత్తాదిరా?" అనేది. ఆ నిప్పు అంగిలిని ఏం చేస్తుందో, అక్కడి పుండు ఎలా క్యాన్సర్ అవుతుందో మా తీరంలో డాక్టర్లు ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. నాయనమ్మకి తెలిసిందల్లా ఒక్కటే, పొగతాగేవాళ్ల మొదటి తగువు వాతావరణంతో అని. ముసురు పట్టిందంటే చుట్ట మెత్తబడకుండా బొడ్లో దోపుకునేది. ఒంటి వేడికి ఆరి సిద్ధంగా ఉంటుందని.

నలభై ఏళ్ల తర్వాత మినియాపోలిస్‌లో ఒక ఆఫీసు బయట, మైనస్ ఇరవైలో నిలబడి, కోటు జిప్పు తీసి, స్వెటర్ కింద చొక్కా జేబులోంచి నా వేప్, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్, బయటికి తీస్తుంటే నాయనమ్మ బొడ్డు గుర్తొచ్చింది. ఇంటిపేరుతో పాటు ఈ విద్య కూడా వారసత్వంగా వచ్చిందన్నమాట.

ఇంజినీరింగ్ రోజుల్లో అంటుకున్న సిగరెట్‌ని వదిలించుకోవడానికి 2016లో వేప్ పట్టాను. దెయ్యాన్ని దించుకోవడానికి ఇంకో దెయ్యాన్ని పిలిచినట్టు. ఫోన్‌లో అమ్మకి చెప్పాను, "సిగరెట్ మానేశానమ్మా, ఇప్పుడు వేప్." అటు నుంచి ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎంతో సంతోషంగా, "వేపా? మంచి పని చేశావురా. పొద్దున్నే పుల్లతో తోముకుంటే చిగుళ్లకి బలం" అంది. నేను సరిదిద్దలేదు. అంత సంతోషాన్ని ఎవరు మాత్రం పాడుచేస్తారు?

ఇండియాలో ఈ వస్తువుకి చోటు లేదు. 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, ఆ ఏడాది చివరికల్లా చట్టం అయింది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నేనుండే మిన్నెసోటాలో నిషేధం లేదు గానీ, అదే ఏడాది ఆగస్టు 1 నుంచి ఆఫీసులు, హోటళ్ల లోపల సిగరెట్‌తో పాటు దీన్నీ కట్టిపెట్టారు. తాగాలంటే గుమ్మం దాటాలి. గుమ్మం అవతల ఎవరున్నారు? చలి. ఆ ఏడాది జనవరి 30న ఈ ఊళ్లో మైనస్ 28 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 33. ఆ చలిలోనే నేను ఈ యంత్రం లోపల ఏముందో నేర్చుకున్నాను. బాగా పనిచేసే వస్తువు మనకేమీ నేర్పదు. మొరాయించినప్పుడే దాని ఒళ్లు మనకు తెలుస్తుంది.

మొదట మొరాయించింది లిక్విడ్. అందులో ప్రధానంగా ఉండేవి రెండు, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. మిగతాది నికోటిన్, వాసన. ఇందులో గ్లిజరిన్ ఘటికురాలు. ఇరవై డిగ్రీల వేడిలోనే నీటికన్నా సుమారు 1400 రెట్లు చిక్కన. సున్నా డిగ్రీలకి దిగితే ఆ చిక్కదనం ఇంకో ఎనిమిది రెట్లు పైగా పెరుగుతుంది. కొబ్బరినూనెలా ఓ రాత్రి తెల్లగా పేరుకుని "నేను గడ్డకట్టాను" అని చెప్పదు. సంక్రాంతికి అరిసెల పాకం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లేతపాకం, ఉండపాకం, ముదురుపాకం. పొయ్యి మీద వేడికి ముదిరేది బెల్లం, వీధిలో చలికి ముదిరేది గ్లిజరిన్. దిశ వేరు, ముదరడం ఒకటే. ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రం పలచటి మనిషి. అదే ఇరవై డిగ్రీల్లో నీటికి యాభై రెట్లు పైచిలుకు, అంతే. గడ్డకట్టాలంటే మైనస్ 59 దాకా పోవాలి.

ముదిరితే ఏమవుతుంది? యంత్రం నడిబొడ్డున ఉండేది ఒక చిన్న దూది వత్తి, దాని చుట్టూ తీగ చుట్ట. మీట నొక్కితే తీగ వేడెక్కి, వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆవిరైన మేరకి వత్తి మళ్లీ తడవాలి. కార్తీకమాసం తెల్లవారుజామున ఆవునెయ్యి దీపం పెట్టిన ఇల్లాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ప్రమిదలో నెయ్యి పేరుకుందంటే వత్తి మాడుతుంది. వేప్‌లోనూ అంతే. పాకం వత్తిలోకి ఎక్కేలోపు తీగ మళ్లీ ఎర్రబడుతుంది, పొడిదూది మాడుతుంది. ఆ మాడు గొంతులో దిగిన రోజు సాయంత్రం దాకా ఏం తిన్నా కాలిన గుడ్డ రుచే.

అందుకే ఇక్కడివాళ్లు చలికాలానికి లిక్విడ్ మారుస్తారు. ఎండాకాలంలో గ్లిజరిన్ డెబ్బై పాళ్లు, గ్లైకాల్ ముప్పై పాళ్లు ఉన్నది వాడేవాళ్లు నవంబర్ వచ్చేసరికి సగం సగం ఉన్నదానికి దిగుతారు. నాకిది వింతగా అనిపించలేదు, ఎందుకంటే ఈ ఊళ్లో కారుకీ అదే మర్యాద. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని ఉంటుంది, ఆ డబ్ల్యూ అంటే వింటర్. చలిలోనూ పారాల్సినంత పలచగా ఉంటుందని హామీ.

చిక్కదనం గురించి ఇంకో మాట. సీసా తిరగేసి, గాలిబుడగ నెమ్మదిగా పైకి పోతే సరుకు మంచిదనే నమ్మకం గంజాయి నూనె వేప్‌లు కొనేవాళ్లలో ఉండేది. ఆ నమ్మకాన్ని పట్టుకునే దొంగ సరుకువాళ్లు విటమిన్ ఈ ఎసిటేట్ కలిపి చిక్కబరిచారు. 2019లో మొదలై 2020 ఫిబ్రవరి నాటికి అమెరికాలో 2,807 మంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రిపాలయ్యారు, 68 మంది చనిపోయారు. చిక్కగా ఉంటే పాలు మంచివని మనమూ అనుకుంటాం. ఎందుకు చిక్కబడ్డాయన్నది అడగం.

రెండోది బ్యాటరీ. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. మొదటి శీతాకాలంలో ఓ రాత్రి వేప్‌ని కార్లోనే మరిచిపోయాను. పొద్దున చూస్తే, రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీ ఖాళీ అని చెబుతోంది. నిజానికి అది ఖాళీ కాలేదు, సొమ్మసిల్లింది. లిథియం అయాన్ సెల్‌లో అయాన్లు ఒక ద్రవంలో ఈదుకుంటూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోవాలి. చలికి ఆ ఈత మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. తీగని కాల్చడానికి ఒక్కసారిగా కరెంటు అడిగేసరికి వోల్టేజీ కుంగిపోతుంది, చిప్ దాన్ని చూసి బ్యాటరీ అయిపోయిందనుకుంటుంది. జేబులో కాసేపు పెట్టుకుంటే లేచి కూర్చునేది. నేనేం చేశాను? ఆ మంచుగడ్డనే కారు ఛార్జర్‌కి తగిలించాను. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం వెళ్లాల్సిన పొరల్లోకి వెళ్లక, వాకిట్లోనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో కొంత మళ్లీ కదలదు. ఆ ఒక్క పొద్దుటితో నా బ్యాటరీ ముసలిదైపోయింది. ఇలాంటి సెల్‌లకి దారి వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకి నోబెల్ వచ్చింది 2019లోనే. టీవీలో ఆ వార్త వస్తుంటే నేను చేతులు కట్టుకుని కాస్త తలవంచుకుని కూర్చున్నాను.

మూడోది, చలి నుంచి లోపలికి వచ్చాక జరిగే కథ. మైనస్ ఇరవైలో ఉన్న లిక్విడ్ ట్యాంక్‌ని ఇరవై డిగ్రీల గదిలో పెడితే అందులోని గాలి ఆరోవంతు దాకా వ్యాకోచిస్తుంది. రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి ఉంటాయి, సరిగా అదమవు. గాలి తోసిన తోపుకి పాకం కింది నుంచి కారి చొక్కా జేబుని తడిపేస్తుంది. దాని మీద గదిలో తేమ చెమ్మలా పడుతుంది. కళ్లజోడువాళ్లకి గుమ్మం దాటగానే లోకం మసకబారడం తెలుసు కదా, ఆ మసకే బ్యాటరీ కొసల మీదా పడుతుంది. తుడిచి, ఆరనిచ్చి, అప్పుడే ముట్టుకోవాలి. తొందరపడి హీటర్ ముందు పెట్టకూడదు. చలికి సొమ్మసిల్లిన బ్యాటరీకి వేడి దెబ్బ ఇంకా ప్రమాదం. లిక్విడ్ సీసానైతే గోరువెచ్చని నీళ్ల గ్లాసులో నిలబెట్టవచ్చు. మా ఇంట్లో కొబ్బరినూనె సీసాకి చేసే సేవే.

చలి ఒక్కదానికి మాత్రం మేలు చేస్తుంది. నికోటిన్‌కి గాలి, వెలుతురు, వేడి పడవు, రంగు తిరుగుతుంది. అందుకని చాలామంది దాన్ని ఫ్రీజర్‌లో దాస్తారు. నేనూ ఓసారి దాచాను. మా ఆవిడ తలుపు తీసి, ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన ఆ సీసా చూసి, "ఏవండీ, పిల్ల చెయ్యి పెట్టే చోట విషం పెడతారా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఏదో ఒకటి వాదించేవాణ్ణి. ఆ సాయంత్రమే సీసా ఇల్లు దాటింది.

ఆ పిల్లే ఓ పొద్దున బస్సు కోసం నిలబడి నోటితో ఆవిరి ఊదింది. ఆ చలిలో ఎవరు ఊపిరి వదిలినా మబ్బే. "నాన్నా, చూడు, నాదానికి బ్యాటరీ అక్కర్లేదు" అంది. నవ్వాను. వేప్ జేబులోనే ఉంది.

నన్ను మార్చింది ఆ మాట కాదు, నిజం చెప్పాలి. మార్చింది ఎదురుచూపు. బయటికి తీసిన వేప్ బిగుసుకుపోతే, మళ్లీ లోపలి జేబులో పెట్టి పాకం లేతబడే దాకా నిలబడాలి. ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది. తాగాలన్న తహతహ ఎంత ఉధృతంగా వచ్చినా ఆయుష్షు కొద్ది నిమిషాలేనని మానిపించేవాళ్లు చెబుతారు. వినడం వేరు, చెవులు గడ్డకడుతుంటే నిలబడి లెక్కపెట్టడం వేరు. వేప్ వెచ్చబడేసరికి కోరిక చల్లబడేది. చాలాసార్లు తాగకుండానే లోపలికి వెళ్లిపోయాను.

అప్పుడొక ఉపాయం తట్టింది. అప్పటిదాకా ఒంటి వేడితో కాపాడుకున్నదాన్ని కావాలని కార్లో వదిలేయడం మొదలుపెట్టాను. రాత్రంతా చలిని కాపలా పెట్టాను. పొద్దున అది రాయిలా ఉండేది, నేను ఆఫీసులోకి వెళ్లిపోయేవాణ్ణి. జనవరి గడిచింది, ఫిబ్రవరి గడిచింది. ఏప్రిల్‌లో మంచు కరిగి కాపలావాడు సెలవు మీద పోయాడు. పాకం పలచబడింది, నేనూ పలచబడ్డాను. మళ్లీ మొదలు. తర్వాతి శీతాకాలం మళ్లీ కాపలా. మూడో ఏడాది ఏప్రిల్ వచ్చినప్పుడు కార్లో చూస్తే, ఆ ముసలి బ్యాటరీ ఎంత వెచ్చబెట్టినా లేవలేదు. కొత్తది కొనాలనిపించలేదు. పట్టుదల వల్ల అని చెప్పుకోలేను. కొనాలనుకున్నప్పుడల్లా ముందు పది నిమిషాలు నిలబడటం అలవాటైపోయింది, అంతే.

ఇప్పుడు లోపలి జేబులో ఫోను ఉంటుంది. దాని బ్యాటరీదీ అదే జాతి, అదే మూర్ఛ. మైనస్ ఇరవైలో పైజేబులో పెడితే నలభై శాతం చూపిస్తూనే ఆరిపోతుంది. కిందటి వారం అక్కడి నుంచే మోగింది. అమ్మ. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అక్కడ వేప పుల్లలు ఇంకా దొరుకుతున్నాయా?" అని అడిగింది.

"మానేశానమ్మా" అన్నాను.

"అయ్యో, ఎందుకురా? పళ్లు పాడైపోతాయి" అంది.