లెక్కకు అందని నష్టం: ఉద్దానం విపత్తుల వెలుగులో ‘యజ్ఞం’ పునఃపఠనం

విపత్తు వేళ సమాజం న్యాయంగా స్పందించిందా అన్న ప్రశ్నకు మనం సాధారణంగా రెండు కొలతలతో సమాధానం వెతుకుతాం: సాయం ఎంత అందింది, ఎంత త్వరగా అందింది. ఈ కొలతలు పనిచేయడానికి ముందే రెండు నిర్ణయాలు జరిగిపోతాయి. దేనిని విపత్తుగా గుర్తించాలన్నది మొదటిది; ఎవరి నష్టం లెక్కలోకి రావాలన్నది రెండవది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనుభవంలో ఈ నిర్ణయాల పర్యవసానం స్పష్టంగా కనిపిస్తుంది. దానిని చదవడానికి కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) కథ తగిన విమర్శ దృష్టిని ఇస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

‘యజ్ఞం’ ప్రకృతి వైపరీత్యాన్ని గురించిన కథ కాదు. సుందరపాలెంలో షావుకారు గోపన్నకు అప్పల్రాముడు పడిన బాకీపై జరిగిన పంచాయతీ దాని ఇతివృత్తం. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు తగవును ఓర్పుతో నడిపిస్తాడు, అందరికీ మాట్లాడే అవకాశం దొరుకుతుంది. విధానపరంగా ఆ తీర్పులో తప్పు పట్టడం కష్టం. అయినా కథ చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, పుట్టుబానిస కాకూడదని, తన బిడ్డనే చంపుతాడు. ఈ ముగింపుపై విమర్శకులు దశాబ్దాలుగా వాదిస్తూనే ఉన్నారు. ఆ వాదాలలో తగినంత ప్రాధాన్యం పొందవలసిన అంశం ఒకటుంది. పంచాయతీ లెక్క అంకెలలో సరైనదే. ఆ బాకీ పుట్టడానికి కారణమైన పరిస్థితులు మాత్రం ఆ లెక్కలో పద్దుగా నమోదు కావు. నిజాయితీగా వేసిన లెక్క కూడా అన్యాయానికి సాధనం కాగలదన్నది ఈ కథ నిరూపించే విషయం.

2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫాను తరువాత జరిగిన నష్ట గణనను ఈ దృష్టితో చూడాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. పరిహారానికి కూలిన చెట్టు ప్రమాణమవుతుంది. వరి పైరు పోతే రైతు మరుసటి కారుకు ఎదురుచూస్తాడు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లకు తక్కువ పట్టదు. ఆ ఏళ్ల ఆదాయం, ఆ తోటలో దింపు తీసేవారి కూలి, పీచు పనివారి బతుకు, జీడిగింజ ఒలిచే స్త్రీల దినవేతనం చెట్ల లెక్కలోకి రావు. చెట్టు యజమానిదిగా నమోదవుతుంది. చెట్టు నీడన బతికిన శ్రమకు పట్టా ఉండదు.

కౌలురైతు స్థితి కూడా ఇటువంటిదే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు పత్రం పొందే వీలు కల్పించింది. ఆ పత్రానికి భూయజమాని అంగీకారం అవసరం. యజమాని వెనుకాడితే సాగుచేసినవాడు తన నష్టానికి తానే సాక్ష్యం కాలేడు. ఇక్కడ కూడా జాబితా వేసిన అధికారి పక్షపాతి కానవసరం లేదు. ‘యజ్ఞం’ పంచాయతీలో ఎదురైన చిక్కే ఇక్కడ పునరావృతమవుతున్నది.

తుఫానుకు పేరు, తేదీ, గాలివేగం ఉంటాయి. ఉద్దానాన్ని 1990ల నుంచి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి అటువంటి తేదీ లేదు. అనేక పరిశోధనలు జరిగినా దాని మూలకారణం నిశ్చయంగా తేలలేదు. 2017లో ఆ ప్రాంతంలోనే డయాలసిస్ కేంద్రాలు, ఆ తరువాత రోగులకు పింఛన్ల పెంపు, 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రంతో కూడిన 200 పడకల ఆసుపత్రి, వంశధార జలాలను హిరమండలం నుంచి తెచ్చే తాగునీటి పథకం వచ్చాయి. ఇవి విలువైన చర్యలు. ఒక తరం గడిచాక వచ్చాయన్నదీ అంతే నిజం. ఒక్క రాత్రిలో తోటలు కూలితే కదిలే యంత్రాంగం, ఇంటింటా ఒక్కొక్కరే కూలుతుంటే దానిని వ్యక్తుల అనారోగ్యంగా చూసింది. నెమ్మదిగా వచ్చే విపత్తుకు విపత్తన్న పేరు దక్కడమే మొదటి న్యాయపోరాటం.

విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలినప్పుడు ఇదే ప్రశ్న మరొక రూపంలో వచ్చింది. మరణాలలో అతిసారం వల్ల సంభవించినవెన్ని, ఇతర రుగ్మతల వల్ల సంభవించినవెన్ని అన్నదానిపై వేరువేరు లెక్కలు వినిపించాయి. కారణాన్ని నిర్ణయించేవారే బాధ్యత పరిధినీ నిర్ణయిస్తారు. సోంపేట బీల విషయంలో పేరే వివాదానికి కేంద్రమైంది. రైతుకు, మత్స్యకారుడికి బతుకునిచ్చిన చిత్తడి నేలను థర్మల్ కేంద్రం కోసం పనికిరాని భూమిగా పరిగణించారు. 2010 జూలైలో నిరసనకారులపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే పర్యావరణ అప్పిలేట్ సంస్థ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ‘బీల’ అన్న ఉత్తరాంధ్ర మాటలో నీరు, చేప, పంట, పశువుల మేత ఇమిడి ఉన్నాయి. దాని స్థానంలో ‘బంజరు’ అన్న మాట రాయగానే పోయేదేమీ లేదన్న భావన ఏర్పడుతుంది.

ఈ పఠనంపై ఒక ఆక్షేపణ రావచ్చు. కొలత లేకుండా సాయం పంచితే బలవంతుడికే ఎక్కువ దక్కుతుంది. కనుక జాబితాను, గణనను అనుమానించడం బాధితులకే చేటు కాదా? ఈ ఆక్షేపణలో బలముంది. జాబితా లేని చోట పలుకుబడే జాబితా అవుతుంది. అయితే ‘యజ్ఞం’ లెక్కను నిరాకరించమని చెప్పదు. లెక్క ఎక్కడ మొదలవుతుంది, ఎవరి మాట పద్దుగా మారుతుంది అని అడగమంటుంది. నష్టపోయినవారికి గణన పద్ధతిని ప్రశ్నించే హక్కు ఉన్నప్పుడే జాబితా న్యాయానికి దగ్గరవుతుంది. గ్రామసభలో జాబితాను బహిరంగంగా చదవడం, కూలి నష్టానికి వేరుగా పద్దు పెట్టడం, కౌలుదారు సాగుకు ఇరుగుపొరుగు సాక్ష్యాన్ని అంగీకరించడం ఈ దిశలో సాధ్యమైన చర్యలు.

సాహిత్య విమర్శకు దీనివల్ల ఒక కర్తవ్యం ఏర్పడుతున్నది. విపత్తు సాహిత్యాన్ని కరుణరస పోషణతోనే తూచడం చాలదు. కరుణ బాధితుణ్ణి చూపుతుంది. ఆ బాధ ఎవరి పద్దులో ఎందుకు చేరలేదో చూపడానికి నిర్మాణ జ్ఞానం కావాలి. కారా ‘జీవధార’ కథలో నీటికోసం పేదవాడల స్త్రీలు పడే పాట్లు జాలి కథగా మిగలకపోవడానికి కారణం, నీరు ఎవరి హక్కు అన్న ప్రశ్నను అది వదలకపోవడమే. తుఫాను, వ్యాధి, వలస ఇతివృత్తాలుగా ఉత్తరాంధ్ర నుంచి వచ్చే రచనలను పరిశీలించేటప్పుడు ఈ గీటురాయిని వాడవచ్చు. ఏడ్పించిన రచనతో పాటు, లెక్క అడిగిన రచననూ గుర్తించగలిగితే ఉద్దానం అనుభవానికి విమర్శ కొంతైనా న్యాయం చేసినట్లవుతుంది.