లెక్కకు దొరకని తెలుగు

డేటాబేసులతోనే కాపురం చేసేవాణ్ణి గనక లెక్కలంటే నాకు గౌరవమే. మేముండే ఒమన్‌లో మొదటి జనగణన 1993లో జరిగింది. 2003, 2010ల్లోనూ గణకులు ఇల్లిల్లూ తిరిగారు. 2020లో మాత్రం ప్రభుత్వ శాఖల రికార్డులు కలిపి 44,71,148 మందిని తేల్చారు. ఇంటింటికీ తిరిగే పని లేకుండా పోయింది. ముచ్చటైన పనే. కానీ దార్సైట్ కృష్ణమందిరం బయట ఇద్దరు తెలుగువాళ్లు ఏ మాటల్లో పలకరించుకుంటారో ఆ రికార్డుల్లో వెతకలేం. వేరే అవసరానికి పుట్టిన రికార్డు అది.

మన సంఘాలవాళ్లు ఇలాంటివాటికి ఈమెయిల్లో ప్రశ్నావళి పంపుతుంటారు. "ఇంట్లో తెలుగు మాట్లాడతారా?" అందరం ఔననే టిక్కు పెడతాం. పెట్టి, పక్కకు తిరిగి "నాన్నా, షూస్ వేర్ చేసుకో" అంటాం. చవక పద్ధతి, వేగం కూడా. మనం ఏమనుకుంటున్నామో తెలుస్తుంది గాని ఏమంటున్నామో తెలియదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం ఈ రెండు దారులూ పట్టలేదు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. ఒకే పనిముట్టును ఏ ప్రాంతంలో ఏమంటారో రైతునే, నేతగాణ్ణే అడిగి రాసుకున్నారు. అందువల్లే పోలిక కుదిరింది. పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలనే విభజనకు ఆధారం దొరికింది. ఇంతటి పని మళ్లీ మనవల్ల అవుతుందా అనిపిస్తుంది.

అయినా నాకో అసంతృప్తి. "దీన్నేమంటారు?" అంటే పేరు వస్తుంది. ఆ పేరు తిట్టులోకి, వేళాకోళంలోకి ఎలా దూరుతుందో రాదు. పైగా ఎదురుగా పుస్తకం పట్టుకున్న చదువుకున్నాయన కూర్చుంటే ఎవరి మాటైనా కాస్త సర్దుకుంటుంది. బిరుదురాజు రామరాజుగారిలా పాటలు సేకరిస్తే ఆ బెడద కొంత తగ్గుతుంది. (నాట్లు లేని రోజున పాడించిన నాట్లపాట సగం పాటే, అది వేరే సంగతి.)

ఇక్కడ పోగొట్టుకుంటున్నది మన పిల్లల తెలుగొక్కటే కాదు. కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వచ్చిన కూలీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు కఫీల్‌నీ అర్బాబునీ కలుపుకుని ఒక కొత్త తెలుగు మాట్లాడుతున్నారు. వాళ్లెవరూ మన ఈమెయిల్ జాబితాలో లేరు. సెలవురోజున వెళ్లి కూర్చోవాలి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకుంటూ, ఊరి కబుర్లు చెప్పనివ్వాలి, ప్రశ్నలు తర్వాత. వెళ్లేది కూడా ఆ జిల్లా మనిషైతేనే నయం. నా కోస్తా యాసతో నేను పోతే "చెప్పండి సార్" దగ్గరే ఆగిపోతారు.