గొంతు ఎక్కడ తెగుతున్నది?

పోయిన ఆదివారం మంథని నుంచి ఒక వేదపండితులు మనవణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చారు. చేతిలో 1999 నాటి సీడీ. అందులో వారి నాన్నగారి ఘనపాఠం ఉంది. పాటల్లాగా విడివిడి ఫైళ్లు కావు. అంతా ఒక ప్రోగ్రాం కడుపులో ఉంది. మెనూలో పనస (వేదపాఠంలో ఒక భాగం) నొక్కితేనే మోగుతుంది. అది 16 బిట్ల ప్రోగ్రాం, ఇప్పటి 64 బిట్ల విండోస్‌లో తెరుచుకోదు.

పనిచేసే పాతదాన్ని పారేయొద్దన్నది నా పాత పాటే, మీకు తెలుసు. పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం) వేసి, దాని లోపల విండోస్ ఎక్స్‌పీని ఇప్పటికీ నడుపుతున్నాను. 2014 ఏప్రిల్ 8తో దానికి మద్దతు ఆగిపోయింది కనుక నెట్ మాత్రం ఇవ్వను.

సీడీ పెడితే మెనూ వచ్చింది, శబ్దం రాలేదు. తప్పు నాదే. కొత్తది మేలనుకొని సౌండ్ కార్డుగా ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ఎంచి పెట్టాను. 2001లో వచ్చిన ఎక్స్‌పీ దగ్గర దానికి డ్రైవర్ లేదు. లోపలి ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఏసీ97కు మార్చి, మళ్లీ ఆన్ చేశాను. గొంతు వచ్చింది. కానీ నడుమనడుమ టక్కుమని తెగుతున్నది. సీడీకి గీతలు పడ్డాయనుకొని తుడవబోతే పండితులు ఆపారు.

“ఉండండి. మల్ల అదే పనస పెట్టండి.”

పెట్టాను. కళ్లు మూసుకొని విన్నారు. “ఇందాక రెండో పదం మీద తెగింది. ఇప్పుడు అక్కడ మంచిగనే ఉన్నది, మూడో పదం వెనక్కి తిరిగేకాడ తెగింది. గీత అయితే జాగ మారదు గదా?”

ఘనంలో పదాలు ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడుగా నడుస్తాయి. ఒక అక్షరం జారితే ముందో వెనకో దొరికిపోతుంది. నా చిన్నప్పుడు గోదారి స్నానానికి మంథని పోయినప్పుడు, ఒక అరుగు మీద పదిమంది పిల్లలు ఒక్క గొంతుతో చెబుతుంటే, కళ్లు తెరవకుండానే గురువు తప్పిన పిల్లాడి వైపు వేలు చూపడం చూశాను. స్వరం తప్పితే ఏమవుతుందో త్వష్ట కథ చెబుతుంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేశాడు. ‘ఇంద్రశత్రు’ అన్న మాటలో చివర పడాల్సిన ఉదాత్తం (ఎత్తి పలికే స్వరం) మొదట పడింది. ఇంద్రుడి చేతిలో చచ్చే వృత్రుడు పుట్టాడు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి!

పండితుల మాటే నిజమైంది. ఎక్స్‌పీ ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా బయటికి పంపుతుంది. ల్యాప్‌టాప్ వేరే పనిలో పడి ఒక ముక్క వేళకు అందకపోతే ఆ ఖాళీయే టక్కుమంటుంది. బ్రౌజర్ మూసి, వైరస్ స్కాన్ ఆపి, బ్యాటరీ పొదుపు తీసేసి ఛార్జర్ పెట్టాను. తెగడం ఆగింది.

పాత యంత్రం ఎంత అక్కరకొచ్చిందో చూడండని ఈ వారం రాయాలనుకున్నాను. లేచి వెళ్లబోతూ పండితులు, “మా పిల్లగాడు ఇంటికాడ ఎట్ల వినాలె?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ యంత్రం ఆగిన రోజున ఆ గొంతూ ఆగుతుంది. అప్పుడే ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచి, మోగుతున్న ప్రతి పనసనూ వేవ్ ఫైలుగా ఎక్కించాం. తాతామనవలు పక్కనే కూర్చొని విన్నారు. రెండుచోట్ల ఆపించి మళ్లీ చేయించారు. రాత్రి పదకొండయింది. రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి ఇచ్చాను.

ఎక్స్‌పీని దాచుకోండని ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను. ఇవాళ ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మీ ఇంట్లో పెద్దల గొంతున్న సీడీలు, క్యాసెట్లు ఉంటే ఈ వారమే మామూలు ఫైళ్లలోకి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ఆ పాఠమో పాటో తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.