కణాల మధ్య ఏముంది?

పదార్థమంతా కంటికి కనిపించని కణాలతో తయారైందనీ, ఆ కణాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయనీ, వాటి మధ్య ఖాళీ ఉంటుందనీ, అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయనీ చెప్పేది కణ నమూనా. తెలంగాణ తొమ్మిదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో ‘మన చుట్టూ ఉన్న పదార్థం’ పాఠం నడిచేది దీని మీదే. ఈ నాలుగు ముక్కలూ పరీక్షలో తడుముకోకుండా రాసే పిల్లలకు కూడా మూడోది ఒక పట్టాన బుర్రకెక్కదు. ఆ ఖాళీలో ఏముంటుందని అడిగితే ‘గాలి’ అంటారు. మరి గాలి కణాల మధ్యో? అక్కడా గాలే!

ఇది మా సికింద్రాబాద్ బడులకే పరిమితమైన ఇబ్బంది కాదు. నోవిక్, నస్‌బామ్ అనే పరిశోధకులు ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనం 1978లో అచ్చయింది. ఫ్లాస్కులోంచి కొంత గాలి లాగేశాక లోపల మిగిలింది ఎలా ఉంటుందో బొమ్మ గీయమన్నారు. కణాల పాఠం చదువుకున్నవాళ్లలోనూ చాలామంది వాటి మధ్య ఏమీ లేదంటే ఒప్పుకోలేదు. అరిస్టాటిల్ కూడా శూన్యాన్ని ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

మాటలతో నచ్చచెప్పడం కన్నా మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి మేలు. సూది తీసేసి, గాలి నింపి, మూతిని బొటనవేలితో గట్టిగా మూసి పిస్టన్ నొక్కితే గాలి సగం దాకా అణుగుతుంది. వదిలితే పిస్టన్ వెనక్కి తన్నుకొస్తుంది. అదే సిరంజిలో బుడగ లేకుండా నీళ్లు నింపితే ఎంత నొక్కినా కదలదు. గాలిలో బోలెడు చోటుంది, నీటిలో దాదాపు లేదు.

ఇంత తేలిగ్గా తెలిసే సంగతిని నల్లబల్ల మీది బొమ్మ చెడగొడుతుంది. మూడు పెట్టెలు గీస్తారు. ఘనంలో చుక్కలు వరుసగా, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో ఇంకాస్త ఎడంగా. మధ్య పెట్టె తప్పు. ద్రవంలో కణాల వరుస చెదురుతుందే తప్ప అవి దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. చాలా పదార్థాలు కరిగినప్పుడు ఘనపరిమాణం పెరిగేది నూటికి పదో, ఆ చుట్టుపక్కలో. నీళ్లు ఆవిరైతే మాత్రం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. అంటే కణాల మధ్య దూరం దాదాపు పన్నెండింతలవుతుంది. ఆ లెక్కన మూడో పెట్టెలో ఒకటి రెండు చుక్కలు పెడితే చాలు.

మాస్టార్లకు ఇష్టమైన పోలిక ఒకటుంది: ప్రార్థనలో బారులు తీరిన పిల్లలు ఘనం, ఇంటర్వెల్‌లో గ్రౌండంతా పరుగెత్తే పిల్లలు వాయువు. కదలిక చెప్పడానికి ఇది పనికొస్తుంది. కానీ ఆ పిల్లల మధ్య ఉన్నది గాలే కదా! వదిలించాల్సిన పొరపాటును పోలికే మళ్లీ అంటిస్తోంది.

కదలికకు బడిలో చూపే రుజువు అగరుబత్తి. ఒక మూల వెలిగిస్తే మరో మూలకు వాసన వస్తుంది, ఇదే వ్యాపనం అంటారు. గాలి అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల సగటు వేగంతో పోతున్నా అడుగడుగునా ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. కేవలం వ్యాపనం మీదే వదిలేస్తే వాసన గది దాటడానికి రోజులు పడుతుంది. నిమిషంలో ముక్కుకు చేరవేసేది గాలి ప్రవాహం. కాబట్టి గ్లాసు నీళ్లలో పర్మాంగనేట్ పలుకు వేసి, కదపకుండా ఒక మూల పెట్టి మర్నాడు చూపడమే కొంత నయం. అసలు సాక్ష్యం సూక్ష్మదర్శినిలో దొరికింది. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి రేణువుల్లోంచి వచ్చిన నలుసులు నీటిలో ఊరికే అల్లాడటం చూశాడు. 1905లో ఐన్‌స్టీన్ దానికి లెక్క కట్టాడు. జాన్ పెరిన్ కొలిచి నిరూపించి 1926లో నోబెల్ అందుకున్నాడు.

వేడి చేస్తే కణాల వేగం పెరుగుతుంది. నీళ్లు మరిగేటప్పుడు లేచే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరి, గాలి కాదు. పైనున్న గాలి ఒత్తిడిని ఆ ఆవిరి తట్టుకోగలిగినప్పుడే బుడగ నిలుస్తుంది. సికింద్రాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. అందుకే నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. థర్మామీటర్ 98 చూపిస్తుంటే రికార్డులో 100 అని రాయించడం కన్నా, ఆ రెండు డిగ్రీలు ఎక్కడికి పోయాయని అడగడం మంచి పాఠం.

మరగకుండానే ఇగిరిపోవడం కూలర్‌లో కనిపిస్తుంది. వేగంగా ఉన్న కణాలు నీటిని వదిలిపోతే మిగిలినవాటి సగటు వేగం, దాంతో ఉష్ణోగ్రత తగ్గుతాయి. మే నెల పొడిగాలిలో చల్లగా వీచే కూలర్ వానాకాలంలో లష్కర్ బోనాల పండుగ నాటికి గదిని చెమ్మ చేయడం తప్ప ఏమీ చేయదు. గాలిలో అప్పటికే ఉన్న ఆవిరి కణాలు దాదాపు వెళ్లినన్నీ తిరిగి నీటిలో చేరుతుంటాయి.

మైనం కరిగితే కణాలు కరుగుతాయనీ, ఇనుము వేడెక్కితే కణాలు ఉబ్బుతాయనీ అనుకోవడం మరో పొరపాటు. 13 మీటర్ల రైలు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. సాగేది కణాల మధ్య దూరం, కణం ఎప్పటంతే. (పట్టాల మధ్య సందులు పుస్తకాల్లోనే ఎక్కువ మిగిలాయి. ఇప్పుడు ప్రధాన మార్గాల్లో పట్టాలను పొడవునా అతికేసి, కదలకుండా స్లీపర్లకు బిగిస్తున్నారు.)

మంచుగడ్డ నీటి మీద ఎందుకు తేలుతుందో ఈ చుక్కల నమూనా చెప్పలేదు. దానికి నీటి అణువు ఆకారం, హైడ్రోజన్ బంధాలు కావాలి. అవి ఇంటర్ రసాయన శాస్త్రంలో వస్తాయి.