వంటింటి ఏప్రాన్: బిర్గిట్ యూర్గెన్‌సెన్ స్వీయ ఛాయాచిత్రాలు

స్వీయచిత్రం అనగానే కళాకారుని ముఖం, అందులో వ్యక్తమయ్యే వ్యక్తిత్వం గుర్తుకు వస్తాయి. 1970లలో స్త్రీవాద కళాకారిణులు ఈ ప్రక్రియను మరో ప్రయోజనానికి వాడుకున్నారు. తామెవరో చెప్పడానికి కాక, తమకు తొడిగిన పాత్ర ఎలాంటిదో చూపడానికి కెమెరా ముందు నిలబడ్డారు. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందిన బిర్గిట్ యూర్గెన్‌సెన్ (1949–2003) వీరిలో ఒకరు.

ఆమె 1975లో రూపొందించిన 'గృహిణుల వంటింటి ఏప్రాన్' రెండు నలుపు తెలుపు ఫొటోల జంట. ఒకదానిలో ఆమె మనకు ఎదురుగా, రెండవదానిలో పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. పోలీసులు నిందితుల ఫొటోలు తీసే పద్ధతి ఇదే. ఏప్రాన్‌కు బదులు ఆమె మెడ నుంచి వేలాడుతున్నది ఒక స్టౌ. దాని ఓవెన్ తలుపు తెరిచి ఉంది, అందులో రొట్టె. ఒక స్త్రీ గర్భవతి అని చెప్పడానికి జర్మన్ భాషలో 'ఓవెన్‌లో రోస్టు ఉంది' అనే మోటు పలుకుబడి ఉంది. వండటం, కనడం అనే రెండు విధులూ ఇక్కడ ఒకే పరికరంలో ఇమిడిపోయాయి. ఎదురుగా తీసిన ఫొటో నవ్వు తెప్పిస్తుంది. పక్క నుంచి తీసినదానిలో మాత్రం ఆ పెట్టె శరీరం నుంచి ఎంత ముందుకు పొడుచుకు వచ్చిందో తెలుస్తుంది.

ఈ వ్యంగ్యాన్ని అతిశయోక్తిగా కొట్టివేయరాదు. 1811 నాటి ఆస్ట్రియా పౌరస్మృతి భర్తను కుటుంబ యజమానిగా నిర్ణయించింది. ఆ స్థితిని మార్చిన చట్టం 1976 జనవరి 1న గాని అమలులోకి రాలేదు. అంటే ఈ ఫొటోలు తీసేనాటికి ఇంటి విషయాలలో భర్త మాటకు లోబడటం కేవలం ఆచారం కాదు, చట్టం.

అయినా, 1976లో తీసిన 'నేను ఇక్కడి నుంచి బయటపడాలి!' అనే ఫొటోయే నా దృష్టిలో బలమైనది. స్టౌ ఒక హాస్యం; అర్థం కాగానే దాని పని ముగుస్తుంది. ఇక్కడ లేస్ కాలర్, బ్రోచ్ ధరించిన ఒక స్త్రీ చెంపను, అరచేతులను అద్దానికి నొక్కి పెట్టింది. స్టౌ లేదు, భర్త లేడు, ఇల్లు కూడా కనిపించదు. శీర్షికలోని వాక్యమే అద్దం మీద రాసి ఉంది. ఆ అక్షరాలు బయట ఉన్న మనకు సూటిగా కనిపిస్తాయి. లోపలి నుంచి రాయాలంటే వాటిని తిరగేసి రాయాలి. ఊపిరాడని స్థితిలోనూ ఎదుటివారి సౌకర్యం చూడటం గృహిణికి నేర్పిన మర్యాదే కదా!

అయితే ఆ లేస్, ఆ బ్రోచ్ ఒక వర్గానివి. ఇతరుల ఇళ్ళలో జీతానికి వండే స్త్రీ ఈ రెండు కృతులలోనూ లేదు. ఆమె సాయంత్రం ఆ ఇంటి నుంచి బయటికి వస్తుంది, తన ఇంట్లో మళ్ళీ వండటానికి.