గోడకు నిర్వచనం: గృహనిర్మాణ సాఫ్ట్‌వేరులో వివరణల భాష

కట్టబోయే ఇంటి నమూనాను కంప్యూటరులో తయారుచేసే సాఫ్ట్‌వేరుకు ఈ మధ్య కృత్రిమ మేధ ఏజెంట్లు తోడయ్యాయి. తూర్పు గోడకు కిటికీ పెట్టమని మామూలు మాటల్లో చెబితే, ఏజెంటు తనకిచ్చిన పనిముట్లలో తగినదాన్ని ఎంచుకొని ఆ పని చేస్తుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ప్రకారం పనిముట్టుకు ఒక పేరు, అది కోరే వివరాల పట్టిక, మామూలు భాషలో ఒక వివరణ ఉంటాయి. లోపలి ప్రోగ్రాము సాధారణంగా ఏజెంటుకు కనబడదు. అయినా ఆ ప్రోటోకాలులో వివరణ తప్పనిసరి కాకపోవడం విచిత్రం. భాషాశాస్త్ర విద్యార్థులు ఇది ఇంజనీర్ల వ్యవహారమని వదిలేయరాదని మా అభిప్రాయం. వస్తువును చూడలేని పాఠకుడికి వస్తువును గుర్తింపజేయడం నిఘంటుకారుడి పని. ఇక్కడ జరగవలసిందీ అదే.

తరచుగా కనబడే వివరణ “గోడను సృష్టిస్తుంది” అన్న తరహాలో ఉంటుంది. పేరులో ఉన్నదే మళ్ళీ చెప్పడమిది. మన పాత నిఘంటువులు “వృక్షవిశేషము”, “పక్షివిశేషము” అని రాసి ఊరుకున్నచోట పాఠకుడికి ఎంత తెలిసిందో, ఏజెంటుకూ అంతే తెలుస్తుంది. రెవిట్ సాఫ్ట్‌వేరు తెరమీద మిల్లీమీటర్లు చూపినా లోపల పొడవులన్నీ అడుగుల్లోనే ఉంచుకుంటుంది. వివరణలో కొలమానం చెప్పకుండా, ఇచ్చిన సంఖ్యను పనిముట్టు నేరుగా రెవిట్‌కు అందిస్తే, మూడు మీటర్ల ఎత్తు అనుకొని ఏజెంటు ఇచ్చిన 3000 కాస్తా 3000 అడుగులవుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటబడుతుంది కనుక దానికి భయపడనక్కరలేదు.

కంటబడని తప్పుకు హొసకోటె నుంచి ఉదాహరణ తీసుకోవచ్చు. బెంగళూరు చుట్టుపట్ల ఇంటి కట్టుబడిని చదరాల్లో లెక్కిస్తారు; ఒక చదరమంటే 100 చదరపు అడుగులు. కూలి గుత్త కూడా చాలాచోట్ల ఆ లెక్కనే మాట్లాడుకుంటారు. హొసకోటె పనుల్లో తెలుగు మేస్త్రీలూ ఉన్నారు. బయటి కొలత 30 అడుగులు, 40 అడుగులుగా ఉండి, చుట్టుగోడ 9 అంగుళాల మందమున్న ఇంటిని తీసుకుందాం. మేస్త్రీ లెక్క గోడ వెలుపలినుంచి: 1200 చదరపు అడుగులు. రెవిట్‌లో గది విస్తీర్ణం మామూలుగా గోడ లోపలి ముఖం వరకే వస్తుంది. నడిమి గోడలను పక్కన పెట్టినా 28.5, 38.5 అడుగుల లెక్కన 1097.25 మాత్రమే. “విస్తీర్ణం ఇస్తుంది” అన్న వివరణను నమ్మి ఏజెంటు పట్టిక తయారుచేస్తే ఒక చదరానికి పైగా కూలి ఎగిరిపోతుంది. పట్టికలో అనుమానించవలసింది ఏదీ ఉండదు. ఏ ముఖంనుంచి ఏ ముఖం వరకు అన్న నాలుగు మాటలు లేకపోవడమే లోపం. (అంకణమూ ఇంతే. ఒకచోట 36 చదరపు అడుగులు, మరొకచోట 72.)

స్లాబు చిక్కు మరొక రకం. భవన సమాచారానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎఫ్‌సీలో స్లాబు ఒకే వర్గం. నేల, కప్పు అందులో ఉపభేదాలు. రెవిట్‌లో నేల, కప్పు వేర్వేరు వర్గాలు. మిద్దె మీద మిద్దె లేపుకుంటూ పోయే ఇళ్ళలో ఈ ఏటి కప్పు వచ్చే ఏటికి నేల. మిద్దె అన్న మాటకే ఒకచోట చదునైన కప్పున్న ఇల్లని, మరొకచోట పై అంతస్తని అర్థం. ఇటువంటిచోట పర్యాయపదం ఇస్తే సరిపోదు. పక్క పనిముట్టుతో తేడా చెప్పాలి.

ఈ విద్య మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. వాస్తు పదాల సంపుటం బూదరాజు రాధాకృష్ణది. పనివాళ్ళనడిగి మాటలు సేకరించడం, ఏ మాట ఏ ప్రాంతానిదో చెప్పడం వీటి ఘనత. అయితే అవి వస్తువు పేరుకు ఇచ్చిన ప్రాధాన్యం ఏజెంటుకు చాలదు. పని చేస్తే ఏమి జరుగుతుందో, ఎప్పుడు చేయరాదో కూడా దానికి కావాలి.

వివరణలు పెరిగితే ఏజెంటు ఒకేసారి చదవగలిగిన పరిధి నిండిపోతుందని ఇంజనీర్ల అభ్యంతరం. అది సబబే. కానీ పొదుపుగా రాయడమంటే అసలు విషయం వదిలేయడమా? రెవిట్‌లో గోడను తీసేస్తే దానిలోని తలుపులు, కిటికీలు కూడా పోతాయి. “గోడను తొలగిస్తుంది” అన్నచోట మేమైతే ఇలా రాస్తాం: “గోడను, దానిలోని తలుపులను, కిటికీలను తొలగిస్తుంది. గోడను జరపడానికి దీన్ని వాడవద్దు. అందుకు వేరే పనిముట్టు ఉంది.” పెరిగినవి పది పన్నెండు మాటలు.